గోడవైపు తిప్పిన ఫోటో

మెల్‌బోర్న్‌లో ఎనిమిది నెలలు క్లయింట్ ఆఫీసులో పనిచేశాను. అక్కడ నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ గుర్తున్నవి రెండే. ఒకటి, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో ఏదీ ముట్టుకోకూడదు. రెండోది, అక్కడెవరైనా "నీదే టీమ్?" అని అడిగితే ప్రాజెక్టు గురించి కాదు, ఫుట్‌బాల్ గురించి. నేను మొదటి రోజు చాలా సిన్సియర్‌గా "బిల్లింగ్ మాడ్యూల్" అని చెప్పాను :)

ఆ ఫుట్‌బాల్ మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. క్రికెట్ మైదానంలో ఆడతారు, ఒక్కో జట్టుకి 18 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, ఎదుటివాడి భుజాలెక్కి బంతి అందుకోవచ్చు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. అందుకే స్కోరు 7.10 (52) అని రాస్తారు, అంటే 7 ఆర్లు 42, దానికి 10 కలిపితే 52. ఈ లెక్క అర్థమవగానే నాకు ఆట మీద గౌరవం పెరిగింది, అర్థం కావడానికి మాత్రం నాలుగు వారాలు పట్టింది.

నా పక్క సీట్లో కూర్చునే పెద్దాయన కాలింగ్‌వుడ్ అభిమాని. కాలింగ్‌వుడ్ మెల్‌బోర్న్‌లో ఒక పేట, ఆ పేట పేరే క్లబ్ పేరు. దాని పక్క పేట రిచ్‌మండ్, వాళ్ళకీ ఒక క్లబ్. ఒకరోజు లంచ్‌లో నేను పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ గొడవ ఏదో చెబుతుంటే, ఆయన "మా క్లబ్‌లో ఇలాంటిదొకటి జరిగింది, వందేళ్ళ క్రితం" అని డాన్ మినోగ్ కథ చెప్పాడు. ఇంటిపేరు విని కైలీ మినోగ్‌కి చుట్టమా అని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత నాకు పురుగు తొలిచినట్టై దొరికిందల్లా చదివాను. ఈ మధ్య నా టీమ్‌లో జరిగిన ఒక విషయం వల్ల అదంతా మళ్ళీ గుర్తొచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాను, ముందు మినోగ్.

1891లో బెండిగో దగ్గర కాలిఫోర్నియా గల్లీ అనే చోట పుట్టాడు. బంగారు గనుల ప్రాంతం అది. 1911లో కాలింగ్‌వుడ్‌లో చేరాడు. ఆటగాళ్ళకి డబ్బివ్వడాన్ని విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్ అధికారికంగా ఒప్పుకున్నదీ ఆ 1911లోనే. అంతకుముందు కూడా ఇచ్చేవాళ్ళు, కాకపోతే చాటుగా. ఆ సంవత్సరమే మనవాడు గ్రాండ్ ఫైనల్ ఆడాడు, ఎసెండన్ మీద. ఆట మొదట్లోనే కాలర్ బోన్ విరిగింది. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు (పంతొమ్మిదో ఆటగాడన్న మాట 1930లో గానీ రాలేదు). మనవాడు బయటికెళ్తే జట్టు 17 మందితో ఆడాలి. విరిగిన ఎముకతోనే చివరిదాకా ఆడాడు. కాలింగ్‌వుడ్ 6 పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

ఇది కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇదే మనిషిని ద్రోహి అన్నారు.

1914లో కెప్టెన్ అయ్యాడు, అప్పటికి 22 ఏళ్ళు. 1915లో మళ్ళీ గ్రాండ్ ఫైనల్, మళ్ళీ ఓటమి, ఈసారి కార్ల్‌టన్ చేతిలో. 1916 నాటికి యుద్ధం వల్ల లీగ్‌లో నాలుగంటే నాలుగే క్లబ్బులు ఆడాయి. (అన్నట్టు ఆ ఏడాది ఫిట్జ్‌రాయ్ పట్టికలో ఆఖరి స్థానంలో ఉండి కూడా ఛాంపియన్ అయింది. నాలుగే జట్లు, నాలుగూ ఫైనల్స్‌కి వెళ్తాయి మరి!) ఆ సంవత్సరమే మినోగ్ సైన్యంలో భాగంగా ఇంగ్లండ్ వెళ్ళాడు, అక్కడి నుంచి ఫ్రాన్స్. 1916 అక్టోబర్ 28న లండన్‌లోని క్వీన్స్ క్లబ్‌లో ఆస్ట్రేలియా సైనికులు రెండు జట్లుగా ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడారు. మినోగ్ థర్డ్ డివిజన్ జట్టులో ఉన్నాడు. వాళ్ళే గెలిచారు. ఆ జట్టు కెప్టెన్, సౌత్ మెల్‌బోర్న్ ఆటగాడు బ్రూస్ స్లాస్, మరో రెండు నెలలు దాటగానే 1917 జనవరిలో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. అదే జట్టులో రిచ్‌మండ్ వాడు హ్యూయీ జేమ్స్ కూడా ఉన్నాడు. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

1919లో మినోగ్ బతికి తిరిగొచ్చాడు. కాలింగ్‌వుడ్‌లో అందరూ పాత కెప్టెన్ వచ్చాడు, ఇంక మనదే అనుకున్నారు. అతనేమో "నేను రిచ్‌మండ్ వెళ్తాను, క్లియరెన్స్ ఇవ్వండి" అన్నాడు.

ఎందుకంటే, జిమ్ శాడ్లర్ అని అతని స్నేహితుడు, కాలింగ్‌వుడ్ ఆటగాడే, అతని విషయంలో క్లబ్ సరిగ్గా వ్యవహరించలేదని మినోగ్‌కి కోపం అని చెబుతారు. పై జట్టులో హ్యూయీ జేమ్స్ లాంటి సైన్యం నాటి తోటివాళ్ళుండటం కూడా ఒక లాగుడే అయ్యుంటుందని నా ఊహ. ఏదేమైనా డబ్బు కోసం అని మాత్రం ఎక్కడా కనబడలేదు. మనలో కూడా చాలామంది మానేసేది జీతం కోసం కాదు, పక్క సీటువాడికి జరిగింది చూసి. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో "బెటర్ ఆపర్చునిటీ" అని రాసేసి వచ్చేస్తాం, అంతే తేడా.

ఈ క్లియరెన్స్ అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు. పాత క్లబ్ "వెళ్ళొచ్చు" అని కాగితం ఇస్తే తప్ప కొత్త క్లబ్‌కి ఆడటానికి లేదు. కాంట్రాక్ట్ ఉందా, జీతం ఇస్తున్నారా, ఇదేదీ సంబంధం లేదు. ఒకసారి వాళ్ళ చొక్కా వేసుకుంటే వాళ్ళ మనిషివే. కాలింగ్‌వుడ్ ఇవ్వనంది. మినోగ్ తిరిగి రానన్నాడు. 1919 సీజన్ మొత్తం బయట కూర్చున్నాడు.

లెక్క చూడండి. 1917, 1918 యుద్ధం మింగేసింది. 1919ని ఒక కమిటీ మింగేసింది. 25 నుంచి 28 మధ్య, ఈ ఆటలో ఒంట్లో బలం, బుర్రలో తెలివి రెండూ కలిసి ఉండే వయసులో, అతని పేరు మీద ఒక్క మ్యాచ్ లేదు. మొత్తం జీవితంలో ఆడింది 180 మ్యాచ్‌లు. యుద్ధం సంగతి వదిలేయండి, దానికి ఎవరినని అడుగుతాం. మూడో సంవత్సరానికి మాత్రం పేర్లూ, మినిట్స్ పుస్తకమూ ఉన్న మనుషులు కారణం. నా వయసు కూడా ఇప్పుడు దాదాపు అంతే, అందుకేనేమో నాకు ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక్కడ కథ "క్లబ్‌కి తగిన శాస్తి జరిగింది" అని వెళ్ళిపోతుందనుకున్నాను. అలా వెళ్ళలేదు. 1919 గ్రాండ్ ఫైనల్ ఎవరెవరికనుకున్నారు? కాలింగ్‌వుడ్‌కీ రిచ్‌మండ్‌కీ! కాలింగ్‌వుడ్ 25 పాయింట్ల తేడాతో గెలిచింది. అంటే క్లియరెన్స్ ఆపడం పనిచేసింది. మేనేజ్‌మెంట్ భాషలో చెప్పాలంటే రిస్క్ మిటిగేట్ అయింది. ఆ రోజు కమిటీలో ఎవరైనా "చూశారా, ఇవ్వకపోవడమే మంచిదైంది" అని ఉంటే తప్పు పట్టలేం.

1920లో మినోగ్ రిచ్‌మండ్‌కి కెప్టెన్, కోచ్ రెండూ అయ్యాడు. మళ్ళీ గ్రాండ్ ఫైనల్, మళ్ళీ అవే రెండు క్లబ్బులు. రిచ్‌మండ్ 7.10 (52), కాలింగ్‌వుడ్ 5.5 (35). రిచ్‌మండ్ 1908లో లీగ్‌లోకి వచ్చింది, అదే వాళ్ళ మొదటి ఛాంపియన్‌షిప్. 1921లో కార్ల్‌టన్ మీద 4 పాయింట్లతో రెండోది. హ్యూయీ జేమ్స్ రెండింట్లోనూ ఉన్నాడు.

కాలింగ్‌వుడ్ క్లబ్ గదిలో గోడమీద మినోగ్ ఫోటో ఉండేదట. దాన్ని తీసేయలేదు. ముఖం గోడవైపుకి తిప్పి పెట్టారట. నిజంగా తిప్పారో లేదో గానీ ఈ మాట వందేళ్ళుగా చెప్పుకుంటున్నారు. మా ఆఫీసు పెద్దాయన కూడా అది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వమే ఉంది. "మరి విరిగిన ఎముకతో ఆడాడు కదా?" అంటే, "అందుకే కదా అంత కోపం" అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని వాళ్ళ బాధ.

ఇక్కడే నాకు ఆయనతో పేచీ. ఆ ఇంటి తిండి తిన్నాడు సరే, ఆ ఇంటి కోసం ఎముక కూడా విరగ్గొట్టుకున్నాడు. ఆరేళ్ళలో 85 మ్యాచ్‌లు ఆడాడు, మూడేళ్ళు కెప్టెన్‌గా చేశాడు. లెక్క అప్పటికే చెల్లలేదా? ఇంకెంత చేస్తే చెల్లుతుంది? విధేయత అనే మాటలో నాకు నచ్చనిది ఇదే. అప్పు ఎంతో ఎవరూ చెప్పరు, తీరలేదని మాత్రం చెబుతారు.

అలాగని మినోగ్‌ది జాబ్ హాపింగ్ సక్సెస్ స్టోరీ అని లింక్డిన్‌లో పెట్టుకోవడానికి కూడా లేదు. 1921 తర్వాత అతను ఒక్క ఛాంపియన్‌షిప్ కూడా గెలవలేదు. 1926, 27లో హాథార్న్ కోచ్. లీగ్‌లోకి 1925లోనే వచ్చిన, పట్టికలో అడుగున ఉండే జట్టు అది. అక్కడికి ఆటగాడిగా కూడా వెళ్దామనుకుంటే ఈసారి రిచ్‌మండ్ క్లియరెన్స్ దగ్గర మొరాయించిందని చదివాను. కాలింగ్‌వుడ్ ఇవ్వనప్పుడు అన్యాయం, అదే కాగితం తన చేతికొస్తే పాలసీ! హాథార్న్‌కి అతను ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. తర్వాత 1929 నుంచి 1934 దాకా కార్ల్‌టన్. 1932లో వాళ్ళని గ్రాండ్ ఫైనల్ దాకా తీసుకెళ్ళి 9 పాయింట్లతో ఓడిపోయాడు. ఎవరి చేతిలో? రిచ్‌మండ్ చేతిలో! ఆ తర్వాత 1935 నుంచి మూడేళ్ళు సెయింట్ కిల్డా, 1940 నుంచి మూడేళ్ళు ఫిట్జ్‌రాయ్. మొత్తం ఐదు క్లబ్బులు. ఆ లీగ్ చరిత్రలో ఐదు క్లబ్బులకి కోచ్‌గా పనిచేసింది అతనొక్కడే.

అదే కాలంలో కాలింగ్‌వుడ్‌లో జాక్ మెక్‌హేల్ అనే ఆయన 1912 నుంచి 1949 దాకా, 38 సీజన్లు, ఒకే క్లబ్‌కి కోచ్‌గా ఉన్నాడు. 8 ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు, అందులో 1927 నుంచి 1930 వరకు వరసగా నాలుగు. కాబట్టి కదలకుండా ఉన్నవాడు తెలివితక్కువవాడు అనే వాదన నేను చెయ్యను. మెక్‌హేల్ ఉండాలనుకున్నాడు, ఉన్నాడు. మినోగ్ వెళ్ళాలనుకున్నాడు, వెళ్ళాడు. ఉండాలనుకున్నవాడి విధేయతని చూపించి వెళ్ళాలనుకున్నవాడిని ఆపడం, అదొక్కటే నాకు మింగుడుపడదు.

క్లబ్బుల వైపు న్యాయం లేదా అంటే ఉంది. క్లియరెన్స్ లాంటివి లేకపోతే డబ్బున్న క్లబ్ అందరినీ కొనేస్తుంది. ఆటగాడికి మ్యాచ్‌కి 3 పౌండ్లకి మించి ఇవ్వకూడదని 1930లో లీగ్ కౌల్టర్ లా అని ఒకటి పెట్టింది. ఏమైంది? సౌత్ మెల్‌బోర్న్ క్లబ్‌లో ఆర్చీ క్రాఫ్ట్స్ అనే కిరాణా షాపుల యజమాని ఉండేవాడు. వేరే రాష్ట్రాల నుంచి మంచి ఆటగాళ్ళు దిగారు, తన షాపుల్లో ఉద్యోగాలిచ్చాడు. రూలు రూలే, జీతం జీతమే. 1933 ఛాంపియన్‌షిప్ వాళ్ళదే. రిక్రూటర్ల తెలివితేటలు అప్పుడూ ఇంతే అన్నమాట. కాబట్టి చిన్న క్లబ్ భయం నాకు అర్థమవుతుంది. ఆరు నెలలు నేర్పించిన ఫ్రెషర్‌ని పెద్ద కంపెనీ ఎగరేసుకుపోతే చిన్న కంపెనీ యజమాని పడే బాధ కూడా అర్థమవుతుంది. కానీ 1919లో కాలింగ్‌వుడ్ చిన్న క్లబ్ కాదు. మినోగ్‌ని ఎవరూ కొనలేదు కూడా. రూలు ఎవరికోసం పెట్టారో వాళ్ళకి కాక, ఎవరి చేతిలో పెన్ను ఉంటే వాళ్ళకి ఉపయోగపడింది.

ఆస్ట్రేలియాలో ఈ సంగతి కోర్టుకెక్కి తేలడానికి 1983 దాకా పట్టింది. సిల్వియో ఫోస్కీని అనే ఆటగాడి క్లబ్ సిడ్నీకి తరలిపోయింది. నేను రాను, సెయింట్ కిల్డాకి ఆడతాను అన్నాడు. లీగ్ ఒప్పుకోలేదు. విక్టోరియా సుప్రీం కోర్టు ఆ రూల్స్ మనిషి పని చేసుకునే హక్కుకి అడ్డు అని చెప్పింది. యూరప్‌లో బోస్మన్ కేసు తీర్పు 1995లో. మన దగ్గర విచిత్రం ఏమిటంటే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే సెక్షన్ 27 ఉంది, ఎవరి వృత్తి వాళ్ళు చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదని. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో సుప్రీం కోర్టు ఆ సెక్షన్ మీదే అతని పక్షాన చెప్పింది. అయితే అది ఉద్యోగం వదిలేశాక సంగతి. ఉద్యోగంలో ఉండగా పెట్టే బాండ్లు వేరు. మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతుని 2025 మేలో సుప్రీం కోర్టు సమర్థించింది. కాబట్టి సెక్షన్ 27 చదివేసి హెచ్‌ఆర్ మీదకి వెళ్ళకండి, ముందు మీ ఆఫర్ లెటర్ చదవండి :)

అయినా మనలో కోర్టుదాకా వెళ్ళేదెవరు? నా మొదటి కంపెనీ (పేరు వద్దు) నా రిలీవింగ్ లెటర్ నాలుగు నెలలు ఆపింది. నోటీసు పూర్తిగా చేశాను, లాప్‌టాప్ ఇచ్చేశాను, నో డ్యూస్ మీద ఏడు సంతకాలు తెచ్చాను. ఎనిమిదో ఆయన సెలవులో ఉన్నాడు, ఆ తర్వాత సెలవులో లేకపోయినా ఉన్నట్టే ఉన్నాడు. ఆ నాలుగు నెలలూ కొత్త కంపెనీ హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే కడుపులో తిప్పేది. మా నాన్న ప్రతి ఆదివారం ఫోన్లో "ఆ కాగితం వచ్చిందిరా?" అని అడిగేవాడు. నన్ను ఆపి వాళ్ళు ఏం బావుకున్నారో నాకిప్పటికీ తెలీదు. నేను అప్పటికే వెళ్ళిపోయాను కదా. మినోగ్ అయినా అంతే, 1919లో అతను కాలింగ్‌వుడ్‌కి ఆడలేదు. వాళ్ళు ఆపింది అతన్ని కాదు, అతని ఒక సంవత్సరాన్ని.

ఇక నా టీమ్ సంగతి. మూడు వారాల క్రితం మా టీమ్‌లో ఒకబ్బాయి రాజీనామా చేశాడు. మంచి పనిమంతుడు. పోయిన డిసెంబర్‌లో రిలీజ్ ముందు జ్వరంతో రెండు రాత్రులు కూర్చున్నాడు, వద్దంటే వినలేదు. వెళ్తున్నది మా పోటీ కంపెనీకే. వాళ్ళు 45 రోజుల్లో రమ్మంటున్నారు, మా నోటీసు 90. మేనేజర్ నన్ను పిలిచి, "నువ్వు లీడ్‌వి, నువ్వే చెప్పు, 90 రోజులూ ఉంచుదామా?" అని అడిగాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మార్చిలో రిలీజ్ ఉంది. అబ్బాయి లేకపోతే ఆ పని నా నెత్తిన పడుతుందని నాకు తెలుసు.

నిజం చెబుతున్నాను, నా నోటికి మొదట వచ్చిన మాట "ఉంచుదాం" అనే. పైగా లోపల ఒక మూల "ఇంత నేర్పించాను, పోయిపోయి వాళ్ళ దగ్గరికా?" అని కూడా అనిపించింది. నాలుగు నెలలు కాగితం కోసం ఏడ్చినవాడినే నేను. పెన్ను నా చేతికి రావడానికి ఐదేళ్ళు పట్టింది, నేను కమిటీ అయిపోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు రోజులు టైమ్ అడిగాను. ఆ అబ్బాయితో కూర్చుని ఏయే పనులు అతనికి తప్ప ఎవరికీ తెలియవో రాయించాను, పదకొండు వచ్చాయి. అందులో నాలుగు నాకే తెలియాలి, సిగ్గుపడాల్సిన విషయం. 45 రోజుల్లో అన్నీ అప్పజెప్పొచ్చని తేలింది. రిలీవింగ్ లెటర్ ఆఖరి రోజే ఇవ్వాలని కూడా రాసి మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఆయన ఒక్క ముక్కలో "ఓకే, రిలీజ్ నీ బాధ్యత" అని జవాబిచ్చాడు. సోమవారం నుంచి కేటీ మొదలు.